ఆ ‘దబ్’ ఊరికే రాదండీ

సంపాదకులు గారికి,

నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం అనుబంధంలో ఇప్పటి పాటల మీద వచ్చిన వ్యాసాన్ని మా షాపులో ముగ్గురం చదివాం. నేనూ, మా మేనల్లుడూ, బాక్సులు మోసే కుర్రాడూ. వ్యాసకర్త గారి బాధ ఏమిటంటే, ఇప్పటి పాటల్లో సాహిత్యం లేదు, రాగం లేదు, మొదట్నుంచి చివరిదాకా ‘దబ్ దబ్’ అనే మోత తప్ప ఏమీ లేదు. ఆ మోత కూడా మనిషి వాయించింది కాదు, కంప్యూటర్లో బటన్ నొక్కితే వచ్చేదే అని. సాహిత్యం గురించి మాట్లాడేంతటి వాణ్ని కాను. రాగం కూడా అంతంతమాత్రమే. ఆ ‘దబ్’ సంగతి మాత్రం నాకు తెలుసు. 30 ఏళ్లుగా దాని వెంటే తిరుగుతున్నాను. మొదటి 20 ఏళ్లు తణుకు చుట్టుపక్కల మైకుసెట్టు అద్దెకిస్తూ, ఆ తర్వాత షాపు వెనక గదిలో మా మేనల్లుడు చేసే బీట్లకి మిక్సింగ్ చేస్తూ, అంటే పాటలోని శబ్దాలన్నీ సమపాళ్లలో కలుపుతూ. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోతే ఎక్కడ కత్తిరించుకున్నా ఫరవాలేదు, గది సంగతి మాత్రం ఉంచండి.

ముందుగా ఒకటి ఒప్పేసుకుంటాను. వ్యాసకర్త గారు విన్నది నిజంగా మోతే. ఊరేగింపు బండి వెనక నాలుగడుగులు నడిచిన ఎవరికైనా అదే వినపడుతుంది. కానీ మోత వేరు, దెబ్బ వేరు. మోత పెంచితే దెబ్బ చచ్చిపోతుంది. ఇది తెలుసుకోడానికి నాకు ఒక పెళ్లీ, ఒక గదీ, బోలెడు డబ్బూ ఖర్చయ్యాయి.

నేను ఈ పనిలోకి దిగేనాటికి మా దగ్గరున్నవన్నీ బూర మైకులే. కొబ్బరిచెట్టుకి తాడేసి కట్టి, ఊరి చివరిదాకా పాట వినిపించేవాళ్లం. ఆ బూరలో 200 హెర్ట్జ్ కింద, అంటే సెకనుకి 200 సార్ల కన్నా తక్కువ ఊగే అడుగు శబ్దాల్లో, దాదాపు ఏమీ రాదు. డోలక్ వాయిస్తుంటే కుడిచేతి తట్టు ఒక్కటే టకటకమని వచ్చేది, ఎడమచేతి గుమికి ఎక్కడిదక్కడే పోయేది. అయినా జనం తాళం తప్పకుండా తలలూపేవాళ్లు. ఎలాగో అప్పుడు అర్థం కాలేదు. ఆ జవాబు మళ్లీ ఫోన్ల దగ్గర దొరికింది. అక్కడికి తర్వాత వస్తాను.

2004లో మొదటిసారి 18 అంగుళాల బేస్ బాక్సులు రెండు కొన్నాను, పాతవే. ఏడాది తిరక్కుండా ఇంకో రెండు. ఆ నాలుగూ వేసుకుని ఉండ్రాజవరం అవతల ఒక ఊళ్లో పెళ్లికి వెళ్లాం. 24 అడుగుల స్టేజీ, కుడిపక్క రెండు, ఎడమపక్క రెండు. భోజనాలయ్యాక కుర్రాళ్లు డాన్సు మొదలెట్టారు. పాట వస్తోంది, బేస్ లేదు. డ్రమ్ము కొడుతుంటే అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టుంది. యాంప్లిఫయర్ పెంచాను. ఎర్ర లైటు వెలగడం మొదలైంది. ఇంకా పెంచాను. దెబ్బ దెబ్బకీ జనరేటర్ మూలిగి, పందిరికి కట్టిన సీరియల్ బల్బులన్నీ మసకబారుతున్నాయి. కరెంటంతా ఎటుపోతున్నట్టు? డాన్సు చేసేవాళ్ల దగ్గర మాత్రం ఏమీ లేదు.

ఇంతలో పందిరి మూలనుంచి వంటాయన గరిటె పట్టుకునే వచ్చేశాడు. ‘‘బాబూ, పప్పు గుండిగ మీద మూత నిలవట్లేదు, కాస్త తగ్గించండి’’ అన్నాడు. నేను వెళ్లి చూశాను. నిజమే! అక్కడ గుండెలు అదిరిపోతున్నాయి. స్టేజీ ఎదురుగా నడిమధ్యకొస్తే మాయం. పక్కకి పది అడుగులు జరిగితే మళ్లీ ఉంది.

తప్పు నాదే. ముందురోజు రాత్రి టార్చిలైటు పెట్టుకుని కేబుళ్లకి నేనే టంకం వేశాను. కుడిపక్క కేబుల్లో ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. ఎడమ బాక్సులు గాలిని ముందుకు తోసిన క్షణంలో కుడి బాక్సులు వెనక్కి లాగుతున్నాయి. రెండువైపులనుంచీ సమానదూరంలో, సరిగ్గా మధ్యలో నిలబడ్డ మనిషి దగ్గర తోపుకి లాగుడు సరిపోయి సున్నా అవుతోంది. వంటపందిరి దగ్గరికి మాత్రం ఒకవైపు శబ్దం కాస్త ఆలస్యంగా చేరడంతో ఆ రెండూ మళ్లీ ఒకే వైపు తోస్తున్నాయి. నేను యాంప్లిఫయర్ పెంచుతున్నకొద్దీ పప్పు గుండిగకి తప్ప ఎవరికీ లాభం లేదు.

వైర్లు మార్చాను. వాల్యూం సగానికి తగ్గించి పాట పెట్టాను. ముందు వరసలో కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురి తాతగారు గుండెమీద చెయ్యేసుకుని, ‘‘ఆ, ఇప్పుడు కొట్టిందిరా’’ అన్నారు. వాల్యూం సగమేనని ఆయనకు తెలీదు.

మా మేనల్లుడు కంప్యూటర్లో బీట్లు చెయ్యడం మొదలెట్టిన కొత్తలో సరిగ్గా ఇదే చేశాడు, వైర్లు లేకుండా. బీట్లు చేసేవాళ్లు బేస్ డ్రమ్ముని కిక్ అంటారు. వాడు మూడు కిక్ శబ్దాలు తీసుకున్నాడు. ఒకటి అడుగున గుమ్మనేది, ఒకటి మధ్యలో తట్టేది, ఒకటి పైన టక్కుమనేది. మూడూ ఒకదానిమీద ఒకటి పేర్చాడు. మూడు కలిపితే మూడింతలు రావాలి కదా, విడివిడిగా ఉన్నదానికన్నా పల్చబడింది. ‘‘మావయ్యా, పెంచుతుంటే తగ్గుతోంది’’ అన్నాడు. నాకు పప్పు గుండిగ గుర్తొచ్చింది. శబ్దం గీతని తెరమీద బాగా పెద్దది చేసి చూపించమన్నాను. ఒకటి పైకి లేచి మొదలవుతోంది, ఇంకోటి కిందకి దిగి మొదలవుతోంది. ఆ రెండో దాన్ని తిరగేసే బటన్ ఒకటి ఉంటుంది. సున్నాకి అడ్డగీత గీసినట్టుంటుంది, చాలామంది దాని జోలికే పోరు. అది నొక్కి, మూడో దాన్ని రెండు మిల్లీసెకన్లు వెనక్కి జరిపాం. 50 హెర్ట్జ్ అల ఒకటి పూర్తికావడానికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే 10 మిల్లీసెకన్లు అటూఇటూ అయితే పూర్తిగా తిరగబడినట్టే. కంటికి కనపడనంత జరుపుడు, చెవికి మాత్రం పెద్ద తేడా.

ఇప్పుడు వాడు మూడు పేర్చడం మానేశాడు. ఒక కిక్ తనే చేసుకుంటాడు. ‘బటన్ నొక్కడం’ అంటే ఏమిటో వ్యాసకర్త గారికి చూపించాలని ఒక సాయంత్రం నేను పక్కన కూర్చుని గమనించాను. నాలుగున్నరకి మొదలెట్టాడు.

మొదట 49 హెర్ట్జ్ దగ్గర ఒక నున్నటి అల పెట్టాడు. అదొక్కటే వింటే పాత ఫ్రిజ్జు దూరంగా ఊపిరి తీస్తున్నట్టు ‘ఊ’ అని ఉంటుంది. అందులో దెబ్బ లేదు. దెబ్బ రావాలంటే ఆ అల పైనుంచి కిందకి జారాలి. 280 దగ్గర మొదలై 49 దాకా పడాలి, అదీ 40 మిల్లీసెకన్లలో. కనురెప్ప ఒక్కసారి పడి లేచేలోపల అలాంటి జారుడు రెండో మూడో అయిపోతాయి. చెవికి అక్కడ జారుడు వినపడదు, ‘కొట్టారు’ అని వినపడుతుంది. అదే జారుడు 150 మిల్లీసెకన్లు సాగితే పిల్లల వీడియో గేములో తుపాకీలా ‘ప్యూ’మంటుంది. మరీ 10కి కుదిస్తే ‘టిక్’మని ఊరుకుంటుంది. వాడు 35 పెట్టి విన్నాడు, 45 పెట్టి విన్నాడు, 38 దగ్గర ఆగాడు, మళ్లీ 42కి వెళ్లాడు. నాకు విసుగొచ్చి టీకి వెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి 40 దగ్గర ఉన్నాడు.

ఇది కంప్యూటర్ మాయ అనుకోకండి. చర్మం బిగించిన ఏ వాద్యమైనా గట్టిగా కొడితే చర్మం సాగి ఒక్క క్షణం బిగుసుకుంటుంది, శ్రుతి కాస్త పైకి లేచి మళ్లీ దిగుతుంది. డోలుకీ అంతే, డప్పుకీ అంతే. జపాన్ రోలండ్ కంపెనీవాళ్లు 1980లో టీఆర్-808 అనే డ్రమ్ మెషిన్ తెచ్చారు. అందులో కిక్ రికార్డు చేసి పెట్టింది కాదు. గంట కొడితే మోగినట్టు ఒక సర్క్యూట్‌ని కరెంటుతో తట్టితే అది 50 హెర్ట్జ్ అటూఇటూగా మోగుతుంది. 1983లో టీఆర్-909 వచ్చింది, అందులో ఈ జారుడూ, ముందొచ్చే టక్కూ బాగా తేటగా ఉంటాయి. 808ని అదే 1983లో ఆపేశారు, పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్లో చవగ్గా దొరికింది కాబట్టే డబ్బుల్లేని కుర్రాళ్ల చేతుల్లో పడి అమెరికాలో హిప్‌హాప్ చాలామటుకు దానిమీద నడిచింది. ఇవాళ మా కుర్రాళ్లు పొడుగ్గా సాగే బేస్‌ని దేన్నయినా ‘ఎయిట్ నాట్ ఎయిట్’ అనే అంటారు, ఆ మెషిన్ మొహం చూడకపోయినా.

తర్వాత ముందరి టక్కు. అది కేవలం అయిదారు మిల్లీసెకన్లు. దానికి అందరూ కొనుక్కొచ్చిన శబ్దాలు వాడతారు. వీడు మా అక్క కారం దంచుతుంటే ఫోన్లో రికార్డు చేశాడు. రోకలి పొన్ను రోటికి తగిలిన మొదటి ముక్క కోసి, 3,000 హెర్ట్జ్ దగ్గర కాస్త ఎత్తి, మిగతాదంతా పారేశాడు. విడిగా వింటే గోరుతో బల్ల గీరినంత కూడా ఉండదు. తీసేసి వింటే మాత్రం కిక్ దిండు మీద పడినట్టుంటుంది.

ఆపైన తోక. మా వాళ్లు పని పాడు చేసుకునేది ఇక్కడే. పాట నిమిషానికి 95 దెబ్బల నడక అనుకోండి, దెబ్బకీ దెబ్బకీ మధ్య 630 మిల్లీసెకన్లు ఉంటుంది. కిక్ తోక 300 లోపల అణిగిపోవాలి. అంతకన్నా సాగితే గుమ్మనే చప్పుడు గదినిండా నిలబడిపోతుంది, దానిమీద తర్వాతి దెబ్బ పడితే ఎవరికి తెలుస్తుంది? సంతలో అరిచినట్టే. వాడు తోక కోస్తూ కోస్తూ 240కి తెచ్చాడు. శబ్దం తగ్గింది, దెబ్బ పెరిగింది. 350 హెర్ట్జ్ ప్రాంతంలో అట్టపెట్టె మోత ఉంటుంది, దాన్ని నాలుగు డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిదో కొలిచే లెక్క) తగ్గించాడు. 30 హెర్ట్జ్ కిందనున్నదంతా కోసేశాడు. అది చెవికి వినపడేది తక్కువ, యాంప్లిఫయర్ తినేసేది ఎక్కువ.

కంప్రెసర్ దగ్గర నేను కలగజేసుకోవాల్సి వచ్చింది. కంప్రెసర్ అంటే గీత దాటిన శబ్దాన్ని నొక్కిపట్టేది. అది ఎంత త్వరగా మేలుకోవాలో మనమే చెప్పాలి. వాడు 1 మిల్లీసెకను పెట్టాడు. అంటే దెబ్బ తల ఎత్తీ ఎత్తగానే నరికేసినట్టు. 25 పెట్టమన్నాను. మొదటి 25 మిల్లీసెకన్లు కంప్రెసర్ పూర్తిగా పట్టు బిగించేలోపల తల దాటిపోతుంది, ఆ తర్వాత మొండెం మీద చెయ్యి పడుతుంది, తర్వాతి దెబ్బ వచ్చేలోపు చెయ్యి తీసేస్తుంది. అప్పుడు తల నిలబడుతుంది. మొత్తం పూర్తయ్యేసరికి ఏడూ పది. ఒక్క ‘దబ్’. పాటలో అది కొన్ని వందల సార్లు వస్తుంది కాబట్టి సరిపోయింది.

చిన్నప్పుడు వాడు రెండేళ్లు మృదంగం నేర్చుకున్నాడు. మానేశాడు గానీ ఊరికే పోలేదు. కచేరీకి ముందు మృదంగం వాళ్లు తొప్పి మీద రవ్వ తడిపి ముద్ద పెడతారు. ఆ బరువుకి ఎడమపక్క శ్రుతి దిగి గుమ్మంటుంది. కాస్త పెట్టి కొట్టి వినడం, గిల్లి తీసి మళ్లీ వినడం. వాడు మౌస్ పట్టుకుని చేసే పని చూస్తే నాకు ఆ రవ్వముద్దే కనపడుతుంది.

శ్రుతి అన్నాను కాబట్టి ఇంకో మాట. కిక్‌కి కూడా శ్రుతి ఉంటుందండీ. 49 హెర్ట్జ్ అంటే అయిదు శ్రుతి, 55 అంటే ఆరు. పాడేవాళ్లు అయిదులో పాడుతుంటే కిక్ అయిదున్నరలో గుమ్మంటే ఎక్కడో ఇబ్బందిగా ఉంటుంది, ఏమిటో చెప్పలేరు. నాకు ఈ చెవి ఎలా వచ్చిందంటే ఎర్తు సరిగ్గా లేని పెళ్లిపందిళ్ల వల్ల వచ్చింది. మన కరెంటు 50 హెర్ట్జ్. ఎర్తు పోతే బాక్సుల్లో వచ్చే ఆ హమ్ 50 మీదా 100 మీదా ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ హమ్‌తో పోరాడినవాడికి 50 ఎక్కడుందో తంబూరా పెట్టక్కర్లేదు. అది అయిదుకీ అయిదున్నరకీ నడుమ, అయిదుకి కొంచెం దగ్గరగా ఉంటుంది. కిక్ దానికి పైనుందా కిందుందా అని చూసి వాడికి చెప్తాను. ఇందుకు ఉపయోగపడుతుందని తెలిస్తే అంత తిట్టుకునేవాణ్ని కాదు.

ఇక గది. 2014లో షాపు వెనక ఖాళీ స్థలంలో కట్టించాను. మేస్త్రీ పది బై పది అన్నాడు. స్లాబు ఎత్తు కూడా పదే పెట్టించాను, ముచ్చటగా పెట్టెలా ఉంటుందని. అంత పొరపాటు నా జన్మలో చెయ్యలేదు. శబ్దం సెకనుకి సుమారు 1,130 అడుగులు నడుస్తుంది. పది అడుగుల గోడల మధ్య 56 హెర్ట్జ్ అల అటు తగిలి ఇటు తగిలి తనమీద తనే నిలబడిపోతుంది. గోడల దగ్గర రెట్టింపు గుమ్మంటుంది, సరిగ్గా మధ్యలో చచ్చిపోతుంది. పొడుగూ వెడల్పూ ఎత్తూ ఒకటే కావడంతో మూడు దిక్కులా అదే స్వరం దగ్గర అదే గొడవ. అలాంటి గదిలో, చూడ్డానికి బాగుంటుందని, కుర్చీ నట్టనడుమ వేశాం.

అప్పుడు చేస్తున్న జానపద పాట ఆరు శ్రుతి. కిక్ 55. మేం కూర్చున్నచోట అది వినపడితేగా! రెండు డెసిబెల్స్ పెంచాం, నాలుగు పెంచాం, ఎనిమిది దాకా వెళ్లాం. అప్పుడు బాగుందనిపించింది. పాట చేయించుకున్నాయన కారులో పెట్టుకుని మర్నాడు ఫోన్ చేశాడు. ‘‘పాట ఎక్కడండీ, అంతా బుడబుడే, డోర్ల ప్లాస్టిక్ ఊడిపోయేలా ఉంది’’ అన్నాడు. వెళ్లి ఆయన కారులో కూర్చుని విన్నాను. సిగ్గేసింది. డబ్బులు తిరిగిచ్చేస్తానంటే ఆయనే వద్దన్నాడు.

మొదట అందరిలాగే గోడలకి గుడ్ల అట్టలు అంటించాం. తణుకులో గుడ్ల అట్టలకి కొదవా, కోళ్ల ఫారాల వాళ్లు రమ్మని ఇచ్చారు. చప్పట్లు కొడితే గోడ మోగడం కాస్త తగ్గింది గానీ కిక్‌కి పిసరంత తేడా రాలేదు. రాదు కూడా. 56 హెర్ట్జ్ అల పొడవు 20 అడుగులు. అందులో నాలుగోవంతే అయిదడుగులు. అంగుళమున్నర అట్ట దాన్ని ఏం ఆపుతుంది? కాలవకి చాట అడ్డం పెట్టినట్టు. ఈ ఉత్తరం చదివే కుర్రాళ్లెవరైనా ఉంటే దయచేసి గుడ్ల అట్టలు గుడ్లకి వదిలెయ్యండి.

చివరికి నాలుగు మూలలా కిందనుంచి పైదాకా రాక్ ఊల్ (శబ్దాన్ని పీల్చే రాతి నూలు) బేళ్లు పేర్చి గుడ్డ కప్పించాం. కుర్చీని మధ్యనుంచి జరిపి ముందు గోడనుంచి 3 అడుగుల 9 అంగుళాల దగ్గర వేశాం. గది పూర్తిగా బాగుపడలేదు, పది బై పది పది బై పదే. కానీ అబద్ధాలు తగ్గించింది. అనుమానం వచ్చినప్పుడు హెడ్‌ఫోన్ పెట్టుకుంటాం, అందులో గది ఉండదు కదా.

కిక్‌కి బేస్ లైన్‌తో, అంటే పాట అడుగున నడిచే మంద్ర స్వరాల వరసతో, ఉండే తగాదా గురించి క్లుప్తంగా చెప్తాను. కిక్కూ బేసూ రెండూ ఒకే 50-100 హెర్ట్జ్ మధ్య కాపురం చేస్తాయి. రెండూ ఒకేసారి మాట్లాడితే రెండూ వినపడవు. సైడ్‌చెయిన్ అని ఒక ఏర్పాటు ఉంది. కిక్ పడ్డ క్షణాన బేస్ తనంతట తనే నాలుగయిదు డెసిబెల్స్ తగ్గి, 120 మిల్లీసెకన్లలో మళ్లీ లేస్తుంది. తాళి కట్టేటప్పుడు ఫొటోగ్రాఫరు పక్కకి తప్పుకుంటే అందరికీ కనపడుతుంది చూడండి, అలా. మన పెళ్లిళ్లలో తప్పుకోడనుకోండి, అది వేరే సంగతి.

బూర మైకు సంగతి తర్వాత చెప్తానన్నాను. ఇవాళ జనం పాట వినేది ఎక్కువగా ఫోన్లో. ఆ చిన్న స్పీకరూ మా పాత బూరా ఈ విషయంలో ఒకటే, అడుగు శబ్దం రాదు. 49 హెర్ట్జ్ కిక్‌ని ఎనిమిది కాదు, పద్దెనిమిది డెసిబెల్స్ పెంచినా ఫోన్లో వినపడదు. కానీ కిక్‌ని కాస్త గరుకుచేస్తే, అంటే యాంప్లిఫయర్ కొంచెం పగిలినట్టు చేస్తే, దానికి 98, 147, 196, 245 అలా పైన పిల్లలు పుడతాయి. ఫోను ఆ పైపిల్లల్నే పలికిస్తుంది. వాటి మధ్య ఎడం 49 కాబట్టి, లేని 49ని మన బుర్ర తనే పూరించుకుంటుంది. కొబ్బరిచెట్టు మీద బూరలోంచి డోలక్ వింటూ మా ఊరివాళ్లు తాళం తప్పకపోవడం వెనక రహస్యం ఇదే అయ్యుంటుంది. మిక్సింగ్ అయ్యాక మేం ఇప్పటికీ అటకమీదున్న పాత బూర దించి ఒకసారి దాంట్లో వింటాం. అందులో కిక్ ఎక్కడుందో తెలిస్తే ఏ ఫోన్లోనైనా తెలుస్తుంది.

ఇక వ్యాసకర్త గారిని బాధపెట్టిన అసలు మోత. పాట చేయించుకునేవాళ్లు దాదాపు అందరూ అనేది ఒకటే మాట, ‘‘బేస్ పెంచండి, పక్కోడి పాటకన్నా గట్టిగా రావాలి.’’ గట్టిగా రావడానికి లిమిటర్ (శబ్దం ఒక ఎత్తు దాటకుండా ఆపేది) పెట్టి పాటనంతా పైకప్పుకి తోస్తారు. కిక్ తల ఆ కప్పుకి తగిలి అణిగిపోతుంది, మిగతావన్నీ దాని ఎత్తుకి లేస్తాయి. అందరూ ఒకే ఎత్తున్న చోట దెబ్బ ఎవరిది? పైగా యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్న పాటని తనే తగ్గించి వినిపిస్తుంది. అప్పుడు ఆ నలిగిన కిక్ ఇంకా చిన్నదై, తల ఉన్న పాట పక్కన వెలవెలబోతుంది. ఇది ఎంత చెప్పినా వినరు. నేను రెండు మిక్సులు చేసిస్తాను, ఒకటి వాళ్లడిగింది, ఒకటి నాకు నచ్చింది. రెండోది తీసుకెళ్లేవాళ్లు తక్కువే.

ఊరేగింపు బండి మీదా ఇదే జబ్బు. యాంప్లిఫయర్ 1,000 వాట్ల నుంచి 2,000కి మార్చితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు పది రెట్లు పవరు కావాలి. అందుకని బాక్సుల మీద బాక్సులు పేరుస్తారు. వాటిలో సగం నా పెళ్లిబాక్సుల్లా ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. ఎదురుగా డాన్సు చేసేవాళ్లకి చాలదు, పక్కవీధిలో బాలింత నిద్రపోలేదు. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు నిషేధించినప్పుడు మా లైనులో చాలామంది కోపగించుకున్నారు. నాకు కోపం రాలేదు.

కానీ అధికారులకీ ఒక మాట చెప్పాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. అవి ‘ఏ’ కొలతలో డెసిబెల్స్. మన చెవి పల్చటి శబ్దాల్లో బేస్‌ని తక్కువ వింటుంది కాబట్టి ఆ కొలత కూడా బేస్‌ని తగ్గించి లెక్కేస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ కొట్టేస్తుంది. అంటే 85 డెసిబెల్స్ కిక్ ఒకటే మోగుతుంటే మీటరు 55 అని చూపించి ఊరుకుంటుంది. లోపల కిటికీ అద్దాలు గిలగిల్లాడుతుంటాయి, బయట కాగితం మీద అంతా నిబంధనల ప్రకారమే. ఆ మీటర్లలో చాలావాటికి ‘సి’ అని ఇంకో స్థానం ఉంటుంది, అది బేస్‌ని పెద్దగా దాచదు. రెండూ చూసి రాసుకుంటే ఎవరు పాట పెట్టారో, ఎవరు గోడలు కూలుస్తున్నారో తెలిసిపోతుంది. ఇది మీ పత్రిక రాస్తే పట్టించుకుంటారు, నేను చెప్తే మైకుసెట్టువాడికెందుకు అంటారు.

వ్యాసకర్త గారు ఎప్పుడైనా తణుకు వైపు వస్తే మా షాపుకి రమ్మనండి. ఒకే కిక్‌ని, వాల్యూం ముట్టుకోకుండా, గది మధ్యలో నిలబెట్టి ఒకసారి, గోడవార నిలబెట్టి ఒకసారి, కుర్చీలో కూర్చోబెట్టి ఒకసారి వినిపిస్తాను. కుర్చీ ఎక్కడుండాలో నేలమీద పసుపు పెయింటుతో గీత గీసి ఉంది. తుడిచేటప్పుడు జరిపేసినా మళ్లీ అక్కడే వెయ్యమని పనమ్మాయికి కూడా చెప్పి ఉంచాం. ఆదివారం తప్ప ఏ రోజైనా ఫరవాలేదు. ఆదివారాలు పెళ్లిళ్లుంటాయి.

ఇట్లు,
సౌండ్ సర్వీసు నడుపుకునే ఒక పాఠకుడు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా